గాజువాక ఓట్ల లెక్క: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

విశాఖపట్నం నగరంలోని గాజువాక శాసనసభ నియోజకవర్గం గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు పెద్ద కట్టే అయ్యాయి. విడివిడిగా జవాబిస్తే చెప్పిందే మళ్ళీ చెప్పవలసి వస్తుంది కాబట్టి, ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలను ఏరి ఈ సంచికలో ఒకేచోట ఇస్తున్నాము. ఉత్తరాలను కొద్దిగా కుదించాము.

ప్రశ్న: ఒకప్పుడు మేము పెందుర్తి నియోజకవర్గానికి ఓటు వేసేవాళ్ళం. గాజువాక ఎప్పుడు విడిపోయింది, ఎందుకు విడిపోయింది? అంతకుముందు మా శాసనసభ్యులు ఎవరెవరు? (విశ్రాంత ఉద్యోగి, పాత గాజువాక)

జవాబు: మీరు పెందుర్తికి చివరిసారిగా ఓటు వేసింది 2004 సాధారణ ఎన్నికల్లో. 2002 నాటి పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్, 2001 జనాభా లెక్కలను ఆధారంగా తీసుకుని దేశమంతటా నియోజకవర్గాల హద్దులను తిరగరాసింది. ఆ హద్దులు మన రాష్ట్రంలో 2009 ఎన్నికల నుంచి అమలయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం స్థానాల సంఖ్య 294 దగ్గరే ఉండాలన్నది నియమం కాబట్టి, జనం పెరిగిన చోట కొత్త స్థానం కావాలంటే మరోచోట ఒకటి పోవలసిందే. ఆ మార్పుల్లోనే మన పక్కనున్న పరవాడ స్థానం రద్దయింది, విశాఖపట్నం ఒకటి, రెండు అని ఉన్న నగర స్థానాలు తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ అని నాలుగయ్యాయి, గాజువాక కొత్తగా పుట్టింది. ఇప్పుడు రాష్ట్రంలోని 175 స్థానాల వరుసలో గాజువాకది 25వ సంఖ్య. పార్లమెంటుకు వచ్చేసరికి గాజువాక విశాఖపట్నంలో ఉండగా, పెందుర్తి అనకాపల్లి లోక్‌సభ స్థానం కిందికి వెళ్ళింది. అంటే ఒకే నియోజకవర్గంగా ఉన్న పాత ఊళ్ళు ఇప్పుడు ఇద్దరు ఎంపీల కింద ఉన్నాయి.

ఎందుకు విడిపోయిందన్న దానికి ఒక్కమాటలో జవాబు చెప్పాలంటే ఉక్కు కర్మాగారమే. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం, అమృతరావు గారి నిరాహార దీక్ష, కాల్పుల్లో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణత్యాగం, 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1982లో కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థ ఏర్పాటు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం: ఈ వరుస అందరికీ తెలిసినదే. ఓటర్ల లెక్క కోసం చూడవలసినది ఈ వరుస వెనక జరిగిన జనం కదలిక. అరవైకి పైగా గ్రామాల వారు భూములు ఇచ్చి నిర్వాసితులై, అగనంపూడి, పెదగంట్యాడ వైపు పునరావాస కాలనీలకు వచ్చారు. నిర్మాణానికీ, ఆ తర్వాత ఉద్యోగాలకూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చినవారు కూర్మన్నపాలెం, వడ్లపూడి, చినగంట్యాడలలో ఇళ్ళు కట్టుకున్నారు. బీహెచ్‌పీవీ, జింక్ కర్మాగారం, ఆటోనగర్, ఆ తర్వాత గంగవరం పోర్టు ఇదే ప్రాంతాన్ని ఇంకా ఒత్తుగా చేశాయి. మునిసిపాలిటీగా ఎదిగిన గాజువాకను 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. ఇన్ని మార్పుల తర్వాత, పెందుర్తి పల్లెలకూ గాజువాక కార్మిక పేటలకూ కలిపి ఒకే శాసనసభ్యుడు ఉండడం జనాభా రీత్యా సాధ్యం కాలేదు.

మీ పాత శాసనసభ్యుల విషయానికి వస్తే, పెందుర్తి నుంచి 1989లో కాంగ్రెస్ తరఫున గుడివాడ గురునాథరావు, 1994లో తెలుగుదేశం పొత్తుతో సీపీఐ తరఫున మానం ఆంజనేయులు, 1999లో తెలుగుదేశం తరఫున పి.జి.వి.ఆర్. నాయుడు (గణబాబు), 2004లో కాంగ్రెస్ తరఫున తిప్పల గురుమూర్తిరెడ్డి గెలిచారు. నాలుగు ఎన్నికల్లో నలుగురు సభ్యులు, మూడు పార్టీలు. వరుసగా రెండోసారి గెలిచినవారు లేరు. ఈ సంగతిని గుర్తుంచుకోండి, కొత్త నియోజకవర్గంలోనూ ఇదే కనిపిస్తుంది.

ప్రశ్న: తిప్పల నాగిరెడ్డి గారు 2014లో ఓడిపోయి 2019లో గెలిచారు. అయిదేళ్ళలో ఆయన పార్టీకి ఇక్కడ బలం అంతగా పెరిగిందా? (డిగ్రీ విద్యార్థిని, శ్రీనగర్)

జవాబు: ఈ ఉత్తరాల్లో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ప్రశ్న ఇదే, ఎందుకంటే గాజువాక ఎన్నికల చరిత్రను అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇందులోనే ఉంది. సూటిగా చెబుతాము: బలం పెరగలేదు. వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఆయనకు 2014లో వచ్చిన ఓట్లు 75,397. 2019లో వచ్చిన ఓట్లు 75,292. అంటే ఓడిపోయినప్పటి కంటే గెలిచినప్పుడు 105 ఓట్లు తగ్గాయి.

మొదటి నుంచి చూద్దాము. 2009లో ఈ నియోజకవర్గం తొలి ఎన్నికను ఎదుర్కొన్నప్పుడు ప్రజారాజ్యం పార్టీకి ఏడాది కూడా నిండలేదు. ఆ పార్టీ తరఫున చింతలపూడి వెంకటరామయ్య 50,994 ఓట్లతో గెలిచారు. రెండో స్థానంలో నిలిచినది కాంగ్రెసూ కాదు, తెలుగుదేశం ఉన్న మహాకూటమీ కాదు. ఏ పార్టీ గుర్తూ లేకుండా స్వతంత్రంగా నిలబడిన తిప్పల నాగిరెడ్డికి 33,087 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 17,907. ఒక కొత్త పార్టీ, ఒక స్వతంత్ర అభ్యర్థి మొదటి రెండు స్థానాలనూ తీసుకోవడం, అదీ నగరంలో, చిన్న విషయం కాదు. పాత పార్టీల కట్టు ఇక్కడ ఎంత వదులుగా ఉండేదో ఆ ఫలితమే చెప్పింది.

2014 నాటికి ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది, రాష్ట్రం విడిపోయింది, కాంగ్రెస్ ఓటు దాదాపుగా వైఎస్సార్ కాంగ్రెస్ వైపు మళ్ళింది. తెలుగుదేశం, బీజేపీ పొత్తుగా పోటీ చేయగా, అప్పుడే పార్టీ పెట్టిన పవన్ కల్యాణ్ తాను బరిలోకి దిగకుండా ఆ కూటమికి ప్రచారం చేశారు. గాజువాకలో తెలుగుదేశం అభ్యర్థి పల్లా శ్రీనివాసరావు 97,109 ఓట్లతో, 21,712 ఆధిక్యంతో గెలిచారు. (2009లో ఆయన ప్రజారాజ్యం తరఫున విశాఖ లోక్‌సభకు నిలబడి పురందేశ్వరి చేతిలో ఓడినవారు. 1994లో విశాఖపట్నం రెండవ స్థానం నుంచి గెలిచిన పల్లా సింహాచలం ఆయన తండ్రి.)

2019లో తెలుగుదేశం, బీజేపీ, పవన్ కల్యాణ్ పార్టీ జనసేన విడివిడిగా పోటీ చేశాయి. నాగిరెడ్డికి 75,292, జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్‌కు 58,539, సిట్టింగ్ శాసనసభ్యుడు పల్లా శ్రీనివాసరావుకు 56,642. ఆధిక్యం 16,753. రెండో స్థానానికీ మూడో స్థానానికీ తేడా 1,897 మాత్రమే. ఓడిన ఇద్దరి ఓట్లూ కలిపితే 1,15,181.

కాబట్టి నాగిరెడ్డి ఓటు కదలకుండా ఉన్నచోటే ఉంది, ఆయన ఎదుటి పక్షం రెండుగా చీలింది. అయితే దీన్ని బట్టి ఆయన గెలుపు తక్కువదని అనుకోకూడదు. పార్టీ గుర్తు లేనప్పుడే 33,087 ఓట్లు తెచ్చుకుని, ఒక ఓటమి తర్వాత కూడా 75 వేల ఓటును చెదరకుండా నిలబెట్టుకోవడం ఊళ్ళో ఏళ్ళ తరబడి చేసిన పనికి ఫలితం. మన పద్ధతిలో గెలవడానికి సగానికి పైగా ఓట్లు అక్కరలేదు, మిగతా అందరికంటే ఎక్కువ వస్తే చాలు. ఆ నియమం కింద, చెదరని ఓటు ఉన్న అభ్యర్థికి ఎదుటివారి చీలిక ఎప్పుడూ కలిసి వస్తుంది.

ప్రశ్న: పవన్ కల్యాణ్ 2019లో రెండుచోట్ల పోటీ చేశారు కదా, అలా ఎన్ని చోట్లనైనా చేయవచ్చా? రెండుచోట్లా గెలిస్తే ఏమయ్యేది? (గృహిణి, పెదగంట్యాడ)

జవాబు: ఇప్పుడు రెండు చోట్లకు మించి చేయకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 33వ సెక్షన్‌కు 1996లో చేసిన సవరణ ఆ హద్దు పెట్టింది. అంతకుముందు అలాంటి పరిమితి లేదు, అందుకే 1985లో ఎన్.టి. రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడుచోట్లా నిలబడి మూడుచోట్లా గెలవగలిగారు. ఒకటికి మించి గెలిచినవారు ఒక స్థానాన్ని ఉంచుకుని మిగతావి వదులుకోవాలి, వదిలిన చోట ఉపఎన్నిక జరుగుతుంది. 2009లో చిరంజీవి తిరుపతి, పాలకొల్లులలో పోటీ చేసి తిరుపతిలో మాత్రమే గెలిచారు. 2019లో పవన్ కల్యాణ్ గాజువాకలోనూ, భీమవరంలోనూ ఓడిపోయారు.

మీరు అడగకపోయినా ఒక మాట. రెండుచోట్ల నామినేషన్ వేసిన నాయకుడు గెలిస్తే ఏ ఊరిని ఉంచుకుంటారో, ఏ ఊరిని వదులుకుంటారో అన్న అనుమానం ఓటరుకు కలగడం సహజం. గాజువాకలో ఆ అనుమానం ఎన్ని ఓట్లను తప్పించిందో లెక్క కట్టే సాధనం లేదు. కానీ ఉపఎన్నిక ఖర్చు ప్రజలదే కాబట్టి, ఒక్కచోటనే పోటీ అన్న నియమం రావాలన్న వాదనతో మేము ఏకీభవిస్తాము.

ప్రశ్న: 2024లో రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీ గాజువాకలో వచ్చింది. అది ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ మీద ప్రజల తీర్పేనని మా యూనియన్‌లో అందరూ అంటారు. మీరేమంటారు? (ఉక్కు కార్మికుడు, కూర్మన్నపాలెం)

జవాబు: మీ మాటలో నిజం ఉంది, కానీ అది మొత్తం నిజం కాదు. మీ అందరి జీవితాలతో ముడిపడిన విషయం కాబట్టి, కొంచెం ఓపికగా లెక్క చూద్దాము.

ముందు ఫలితం. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి అభ్యర్థిగా పల్లా శ్రీనివాసరావుకు 1,57,703 ఓట్లు వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్ సిట్టింగ్ సభ్యుడైన నాగిరెడ్డిని కాదని, అనకాపల్లి శాసనసభ్యుడూ పరిశ్రమల మంత్రీ అయిన గుడివాడ అమర్‌నాథ్‌ను ఇక్కడ నిలబెట్టింది. ఆయనకు 62,468 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 95,235, రాష్ట్రంలో అదే మొదటి స్థానం. అమర్‌నాథ్ బయటివాడన్న మాట ప్రచారంలో వినిపించింది గానీ, పైన చెప్పిన పెందుర్తి మాజీ సభ్యుడు గురునాథరావు ఆయన తండ్రి. గాజువాక పెందుర్తిలో ఉన్న కాలంలో ఈ ఊళ్ళు ఆ కుటుంబానికి ఓటు వేసినవే.

ఇప్పుడు ఆధిక్యాన్ని విడదీద్దాము. 2019లో తెలుగుదేశం, జనసేన ఓట్లు కలిపితే 1,15,181 అని చూశాము. ఆ రెండు పార్టీలు అప్పుడే కలిసి ఉండి, ఒక్క ఓటూ అటూ ఇటూ మారకపోయి ఉంటే, ఆధిక్యం 39,889 వచ్చేది. అంటే 2024 ఆధిక్యంలో అంత భాగం కేవలం పొత్తు వల్లనే చేరింది. మిగిలిన 55,346 ఎలా వచ్చింది? వైఎస్సార్ కాంగ్రెస్ ఓటు 12,824 తగ్గింది, కూటమి ఓటు 42,522 పెరిగింది. పెరిగినదాంట్లో అవతలి పక్షం నుంచి వచ్చినవి, కొత్తగా జాబితాలో చేరిన యువత, 2019లో ఇతర పార్టీలకు వేసినవారు, ఆ రోజు పోలింగుకు రాక ఈసారి వచ్చినవారు అందరూ ఉంటారు. ఉక్కు ప్రభావం ఉంటే ఈ 55 వేలలోనే ఉండాలి.

ఉందనడానికి ఆధారాలు బలమైనవే. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపింది. కొద్ది రోజులకే మీ కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. అప్పటికి మాజీ శాసనసభ్యుడిగా ఉన్న పల్లా శ్రీనివాసరావు గాజువాకలో ఆమరణ దీక్షకు కూర్చుని, పరిస్థితి విషమించాక పోలీసులు ఆసుపత్రికి తరలించేవరకూ విరమించలేదు. విశాఖ ఉత్తర శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు రాజీనామా లేఖ ఇచ్చారు. అది ఆమోదం పొందింది మాత్రం దాదాపు మూడేళ్ళ తర్వాత, 2024 జనవరిలో. 2021 అక్టోబరు 31న పవన్ కల్యాణ్ కూర్మన్నపాలెంలో సభ పెట్టారు. 2019లో మూడో స్థానంలోకి జారిపోయిన పల్లా శ్రీనివాసరావుకు మళ్ళీ ఊరి మధ్యలో నిలబడే చోటు ఇచ్చినది ఈ ఉద్యమమే అన్నది మా నిశ్చితాభిప్రాయం.

అయినా మూడు విషయాలు అడ్డు వస్తాయి. మొదటిది, ఆ ప్రకటన వచ్చి రెండు నెలలైనా కాకముందే, 2021 మార్చిలో మహా విశాఖ నగరపాలక ఎన్నికలు జరిగితే, 98 వార్డుల్లో 58 వార్డులను అప్పటి అధికార పార్టీయే గెలుచుకుంది. ఆగ్రహం రాష్ట్ర ప్రభుత్వం మీదికి మళ్ళి ఉంటే ఆ వేడిలోనే కనిపించాలి. రెండవది, ఉపసంహరణ నిర్ణయం తీసుకున్నది కేంద్రంలోని బీజేపీ ప్రభుత్వం, ఆ పార్టీ 2024లో గెలిచిన కూటమిలోనే ఉంది. ఆ నిర్ణయం మీద మాత్రమే తీర్పు ఇచ్చి ఉంటే కూటమికి ఇంత ఓటు రావడాన్ని వివరించలేము. మూడవది, ఉక్కుతో అంత సంబంధం లేని భీమిలిలో గంటా శ్రీనివాసరావు 92,401 ఆధిక్యంతో గెలిచారు. రాష్ట్రంలో గాజువాక తర్వాతి స్థానం దానిదే. పెందుర్తిలో జనసేన అభ్యర్థి పంచకర్ల రమేశ్‌బాబు ఆధిక్యం కూడా 80 వేలు దాటింది. కూటమి రాష్ట్రంలోని 175 స్థానాల్లో 164 గెలిచిన ఎన్నిక అది. గాలి అన్నిచోట్లా వీచింది.

అందువల్ల మా జవాబు ఇది. గాజువాక ఆధిక్యానికి పునాది పొత్తు, దానిమీద రాష్ట్రమంతటి గాలి, ఆ పైన ఉక్కు. ఉద్యమం గెలుపును తెచ్చిందనడం కంటే, ఎవరు గెలవాలో నిర్ణయించడంలో దానికి పెద్ద చేయి ఉందనడం సరిగా ఉంటుంది. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల సాయాన్ని ప్రకటించింది. ఇది మీ యూనియన్ కోరుతున్న దానికి ఎంత దగ్గరో, ఎంత దూరమో మీకే బాగా తెలుసు. ఆ ప్రభావం పడేది రాబోయే ఎన్నిక మీద, గడిచిన దానిమీద కాదు.

ప్రశ్న: గాజువాకలో గెలుపోటములు కులాల లెక్కల మీదే నడుస్తాయని పత్రికలు రాస్తాయి. ఏ కులానివి ఎన్ని ఓట్లో మీరు ప్రచురించగలరా? (పాఠకుడు, దువ్వాడ)

జవాబు: ప్రచురించము. ఓటర్ల జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి, కులం ఉండదు. నియోజకవర్గాల వారీగా అధికారికమైన కులగణన అందుబాటులో లేదు. అలాంటి అంకెలు కనిపిస్తే అవి పార్టీల అంచనాలని తెలుసుకోండి. నాగిరెడ్డి ఓటు మూడు ఎన్నికల్లో 33 వేలుగా, 75 వేలుగా, మళ్ళీ 75 వేలుగా ఉండడాన్నీ, పల్లా శ్రీనివాసరావు ఓటు 97 వేలు, 56 వేలు, లక్షా 57 వేలుగా మారడాన్నీ కులం లెక్క ఒక్కటే వివరించలేదు, అయిదేళ్ళకోసారి ఊరి కులాలు మారవు కాబట్టి.

ప్రశ్న: విశాఖ తూర్పులో ఒకే ఆయన నాలుగుసార్లు గెలిచారు. గాజువాకలో ఒకరు వరుసగా రెండుసార్లు కూడా గెలవలేదు. ఒకే నగరంలో ఇంత తేడా ఎందుకు? (ఉపాధ్యాయుడు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: మీ పరిశీలన నిజమే. వెలగపూడి రామకృష్ణబాబు తెలుగుదేశం తరఫున 2009, 2014, 2019, 2024 నాలుగు ఎన్నికల్లోనూ తూర్పు నుంచి గెలిచారు. పశ్చిమంలో గణబాబు 2014 నుంచి మూడుసార్లు గెలిచారు. గాజువాకలో నలుగురు విజేతలను వరుసగా రాస్తే ప్రజారాజ్యం, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, మళ్ళీ తెలుగుదేశం.

తేడాకు మూలం నగరం లోపలికీ అంచులకీ ఉన్న భేదమని మేము అనుకుంటున్నాము. 2009లో పాత నగరపు స్థానాలైన ఉత్తర, పశ్చిమ, దక్షిణాలను కాంగ్రెస్ గెలిచింది, తూర్పును తెలుగుదేశం గెలిచింది. ప్రజారాజ్యం గెలిచినవన్నీ చుట్టూ ఉన్నవి: భీమిలి, పెందుర్తి, గాజువాక, ఇంకా అవతలికి అనకాపల్లి. ఆ పార్టీ రాష్ట్రం మొత్తం మీద 18 స్థానాలు గెలిస్తే అందులో నాలుగు ఒక్క విశాఖ జిల్లావే. 2019లో రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ 151 గెలిచినా, తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ నాలుగూ తెలుగుదేశానికే వచ్చాయి, గాజువాక, భీమిలి, పెందుర్తి మాత్రం గాలితోపాటు వెళ్ళాయి. విశాఖ లోక్‌సభ స్థానాన్ని అప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ 4,414 ఓట్ల తేడాతో గెలవడానికి అంచున ఉన్న గాజువాక, భీమిలి, శృంగవరపుకోట సెగ్మెంట్లే ఆదుకున్నాయి. 2024లో రాష్ట్రంలోని మొదటి రెండు పెద్ద ఆధిక్యాలూ ఈ అంచు స్థానాలవే కావడం కూడా యాదృచ్ఛికం కాదు. తరతరాలుగా ఒకే పేటలో ఉన్నవారి ఓటుకు పాత కట్టుబాట్లు ఉంటాయి. నిర్వాసిత కాలనీల్లోనూ, ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన ఇళ్ళలోనూ ఆ కట్టు వదులుగా ఉంటుంది, అక్కడ నీళ్ళు, పట్టా, ఉద్యోగం, ఆర్ కార్డు (నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డు) ఉన్నవారికి ఇంకా అందని హామీ వంటి అవసరాల మీద అయిదేళ్ళకోసారి కొత్తగా తూకం జరుగుతుంది.

అయితే నగరం లోపల అంతా నిలకడ అనుకోవద్దు. దక్షిణంలో 2009లో ద్రోణంరాజు శ్రీనివాసరావు గెలిచింది 341 ఓట్లతో. ఉత్తరంలో 2019 తేడా 1,944. ఆ తర్వాత 2024లో ఉత్తరం బీజేపీకి, దక్షిణం జనసేనకు వెళ్ళాయి.

ప్రశ్న: మా పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో తెలుసుకునే వీలుందా? (పాఠకురాలు, వడ్లపూడి)

జవాబు: ఉంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ప్రతి నియోజకవర్గానికీ 'ఫారం 20' అనే తుది ఫలితాల పత్రం ఉంచుతారు. అందులో ఒక్కో అడ్డు వరుస ఒక్కో పోలింగ్ కేంద్రం, నిలువు గడుల్లో అభ్యర్థుల పేర్లు, వాటి తర్వాత చెల్లిన ఓట్ల మొత్తం, తిరస్కరించినవి, నోటా, టెండర్డ్ ఓట్లు ఉంటాయి. చిట్టచివరి వరుసల్లో యంత్రాల మొత్తం ఒకటి, పోస్టల్ ఓట్లు ఒకటి, రెండూ కలిపి ఒకటి. మొదటిసారి చూసేవారు ఎక్కువగా పొరబడేది పోస్టల్ ఓట్ల దగ్గర: అవి ఏ కేంద్రం కిందా కనిపించవు, కాబట్టి కేంద్రాల అంకెలను మీరు చేత్తో కూడితే అభ్యర్థి తుది మొత్తం రాదు. టెండర్డ్ ఓటు అంటే, మీరు వెళ్ళేసరికి మీ పేరు మీద ఎవరో వేసి వెళ్ళారని తేలినప్పుడు మీకు ఇచ్చే కాగితపు ఓటు. దాన్ని కవరులో విడిగా ఉంచుతారు గానీ మామూలు లెక్కింపులో కలపరు. మీ కేంద్రం వరుసలో ఆ గడిలో సున్నా తప్ప మరేదైనా ఉంటే ఆ ఊరివారు పట్టించుకోవలసిన విషయమే.

పాత సంవత్సరాలతో పోల్చదలిస్తే ఒక జాగ్రత్త. ఓటర్లు పెరిగినప్పుడు కేంద్రాలను విడగొట్టి సంఖ్యలు మారుస్తారు, 2014లో మీ కేంద్రానికి ఉన్న సంఖ్య 2024లో మరో వీధిది కావచ్చు. కేంద్రం సంఖ్యతో కాక, అది నడిచిన బడి పేరుతోనూ, ఓటర్ల జాబితాలోని వీధులతోనూ సరిపోల్చుకోండి.

ప్రశ్న: గాజువాక మళ్ళీ రెండుగా చీలుతుందని అంటున్నారు. చట్టంలో ఏముంది? (వ్యాపారి, కొత్త గాజువాక)

జవాబు: 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ రాష్ట్ర శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు పెంచవచ్చునని చెప్పింది. అయితే ఆ సెక్షన్‌లోనే 'రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడి' అన్న షరతు ఉంది. ఆ అధికరణానికి 84వ సవరణ పెట్టిన నియమం ప్రకారం, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు ప్రచురితమయ్యేవరకు స్థానాల సంఖ్య మారదు. జమ్మూకాశ్మీర్‌లో పునర్విభజన చేసి ఇక్కడ చేయకపోవడం వివక్ష అంటూ దాఖలైన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు ఈ కారణంగానే కొట్టివేసింది. రాబోయే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా కేంద్రం నోటిఫై చేసింది. గాజువాకను ఎక్కడ కోయాలన్న ప్రశ్న ఆ అంకెలు వచ్చి, కొత్త కమిషన్ ఏర్పడి, ముసాయిదా మీద అభ్యంతరాలు స్వీకరించినప్పుడు వస్తుంది. ఆ ముసాయిదా దశలో సాధారణ పౌరులు కూడా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు, బహిరంగ విచారణకు హాజరై మాట్లాడవచ్చు. అప్పుడు అడగదలచినది ఉంటే వార్డుల వారీ జనాభా అంకెలను ఇప్పటినుంచే దగ్గర పెట్టుకోవడం మంచిది.